లెక్క ప్రకారమే కురిసిన వాన

మందుల కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను కలుస్తుంటారు. "మీ సర్వీసులో బాగా భయపడ్డ రోజు ఏది మేడమ్?" అని అడుగుతారు. గ్యాస్ లీకయిన రోజో, రియాక్టర్ పేలిన రోజో చెప్తానని వాళ్ళ ఆశ. నేను వాన గురించి మొదలుపెడతాను. వాళ్ళ ముఖాలు కాస్త చిన్నబోతాయి. కొంతసేపటికి చేతుల్లోని ఫోన్లు పక్కన పెడతారు.

నేను పనిచేసింది పాశమైలారంలో, ఒక మందుల కంపెనీ ఈటీపీలో. ఫ్యాక్టరీ వదిలే మురికినీళ్ళను శుద్ధి చేసే విభాగం అది. సంగారెడ్డిలో పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే గేటు దగ్గర దిగేసరికే ముక్కులకు ఆ వాసన తగిలేది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన "నీ చున్నీకి కూడా ఫ్యాక్టరీ వాసనే" అనేవాడు. తర్వాత ఆయనకూ అలవాటైపోయింది.

ఎంత శుద్ధి చేసినా చివరికి కొన్ని నీళ్ళు మిగిలిపోతాయి. ఉప్పూ రసాయనాలూ చిక్కబడి, గడ్డిపరక మీద పోసినా మాడిపోయే నీళ్ళు. వాటిని నల్ల ప్లాస్టిక్ షీటు పరిచిన పెద్ద మడుగులోకి పంపి ఎండకు వదిలేవాళ్ళం. నీరు ఆవిరైపోతుంది, అడుగున ఉప్పు తేరుతుంది. దాన్ని మేం సోలార్ పాండ్ అనేవాళ్ళం. చుట్టూ మట్టికట్ట. ఇప్పటి కొత్త కంపెనీల్లో మీకు అలాంటివి కనబడకపోవచ్చు. మా రోజుల్లో మాత్రం మా ఉద్యోగాలన్నీ ఆ కట్ట మీదే నిలబడి ఉండేవి. ఎండ కాస్తే మాకు హాయి. మబ్బు పడితే నేను అన్నం సరిగ్గా తినేదాన్ని కాదు.

ప్రహరీగోడ అవతల ఒక నాలా, అది దిగువన ఉన్న ఊరి చెరువులోకి పోతుంది. మా సీనియర్ ఆపరేటర్‌ది ఆ ఊరే. నాకన్నా పెద్దవాడు, అందుకని మేమందరం ఆయన్ని అన్న అనేవాళ్ళం. ఇండస్ట్రియల్ ఎస్టేట్ వచ్చినప్పుడు భూమి పోగా మిగిలిన కాస్త పొలం ఉండేది. షిఫ్టు అయిపోగానే పొలానికి పోయేవాడు. పంపు చప్పుడు మారితే నాకన్నా ముందు లేచి పోయేవాడు. మాటలు తక్కువ మనిషి. భార్య గురించి మాట్లాడేటప్పుడు మాత్రం కొంచెం నవ్వేవాడు.

ఆ రోజుల్లో వరసగా వానలు తగ్గాయి. బోర్లు ఎండిపోయాయి. ఫ్యాక్టరీకి నీళ్ళు ట్యాంకర్లలో తెప్పించాల్సి వచ్చింది. ముత్తంగి వైపు నుంచి వచ్చే ట్యాంకర్లు మా గేటు బయట బారులు తీరేవి. ఈ కరువు ఇంకెన్నాళ్ళుంటుందో తెలిస్తే నీళ్ళ ఏర్పాటు చేసుకోవచ్చని మా జీఎం అనుకున్నారు. ఎవరో చెప్తే, వాతావరణ పరిశోధన చేసి రిటైరైన ఒక పెద్దాయనను పిలిపించారు. సంగారెడ్డిలో పాత బస్తీ ఇంట్లో ఉండే ముస్లిం పెద్దమనిషి. అందరూ సాబ్ అనేవారు, మేమూ అలాగే పిలిచాం.

సాబ్ కాగితపు చుట్ట ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు. కాన్ఫరెన్స్ రూములో టేబుల్ మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా చాయ్ కప్పులు పెట్టారు. మీద ఒక గీత, సూర్యుడి మీద కనబడే మచ్చలది. కింద ఇంకో గీత, మన ప్రాంతంలో పాతకాలం నుంచి పడిన వానది. మచ్చలు పదకొండేళ్ళకు అటూఇటూగా పెరిగి తగ్గుతుంటాయని ఆ రోజే నాకు తెలిసింది. రెండు గీతలూ కలిసి పైకెక్కి, కలిసి కిందికి దిగుతున్నాయి. అంత దూరాన ఉన్న ఒక మంట మీద నల్లటి చుక్కలేమిటి, మా నాలాలో నీళ్ళేమిటి.

"సూరజ్ మీద మచ్చలు ఎక్కువున్న ఏండ్లల్ల మన దిక్కు వానలు జెర మంచిగ పడ్డయి," అన్నారు సాబ్. "మచ్చలు తగ్గినంక తగ్గినయి. ఇప్పుడు సూరజ్ ఆరాం చేస్తున్నడు. ఇంక రెండు మూడేండ్లు తక్కువనే ఉంటదని నా అందాజ."

"పక్కానా సాబ్?" అని జీఎం అడిగారు.

"పక్కా అనే మాట నేను ఎన్నడు అనలే. ఇంకో దిక్కు పోతే ఇదే లెక్క ఉల్టా అయితది. ఎందుకైతదో నాకు సమజ్ కాలే. ఈ లెక్కంటే నాకు ఇష్కు. నిఖా మాత్రం చేసుకోలే."

అందరం నవ్వాం. జీఎం అందరికన్నా గట్టిగా నవ్వారు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఈ మాట ఇక్కడే చెప్పాలి. మా ఫిట్టర్ కూతురికి జబ్బు చేస్తే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. కానీ పైనుంచి ఒత్తిడి ఉండేది. పాండ్ పక్క ఖాళీ జాగాలో కొత్త ప్రొడక్షన్ బ్లాకు కట్టాలని యాజమాన్యం చూస్తోంది. అదే జాగాలో రెండో మడుగు తవ్వాలని, ఉన్న కట్ట ఎత్తు పెంచాలని నేను అడుగుతున్నాను.

సాబ్‌ను గేటు దాకా సాగనంపి తిరిగొస్తుంటే జీఎం అన్నారు, "విన్నారుగా మేడమ్. మూడేళ్ళు వానలే లేవంటున్నారు. ఉన్న పాండే ఎండిపోతుంది. ఇంకోటి దేనికి?"

"సాబ్ చెప్పింది నీళ్ల కరువు గురించి సార్. మన పాండ్ సంగతి ఆయన్ని ఎవ్వరం అడగలే."

"వాన ఒకటేగా మేడమ్? నీళ్ళ కోసం ఒక వాన, పాండ్ కోసం ఒక వాన ఉంటాయా?"

మాట వినడానికి బాగానే ఉంది మరి. కొత్త బ్లాకుకు ముగ్గు పోశారు.

ఆశ్చర్యం ఏమిటంటే, సాబ్ చెప్పినట్టే జరిగింది. ఆ ఏడు వాన తక్కువ. మరుసటి ఏడు ఇంకా తక్కువ. ఎస్టేట్‌లో సాబ్ పేరు మారుమోగింది. పక్క కంపెనీలవాళ్ళు కూడా కారు పంపి పిలిపించుకున్నారు. ఆయన మాత్రం మారలేదు. సెలవు రోజుల్లో ఒకటి రెండుసార్లు వాళ్ళింటికి పోయాను. మిద్దె మీద చిన్న దూరదర్శిని పెట్టి, సూర్యుడి బొమ్మను తెల్ల కాగితం మీద పడేసి, మచ్చ కనబడితే పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు. పక్కనే వాన కొలిచే డబ్బా. "బేటీ, సూడు, ఇయ్యాల సూరజ్ మొఖం ఎంత సాఫ్ ఉన్నదో," అని పసిపిల్లాడిలా చూపించేవారు.

ఈ కబురు అన్న ద్వారా ఊళ్ళోకీ పోయింది. నడిమధ్య రెండు మూడు గుంటలు తప్ప చెరువంతా నెర్రెలిచ్చి ఉంది. ఇక రెండు మూడేళ్ళు నిండదని తేలిపోయాక, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, కొందరు మక్కజొన్న వేశారు. అన్న కూడా వేశాడు. చిన్న బావి తవ్వి మోటరు పెట్టాడు. రెండు బర్రెల్ని అక్కడే కట్టేసేవాళ్ళు. ఒకసారి నాకు పచ్చి కంకులు తెచ్చిచ్చి, "చెరువుల పండిన కంకులు మేడమ్," అని నవ్వాడు. చాలా తియ్యగా ఉన్నాయి.

మూడో ఏడు కూడా అలాగే గడిచిపోతుందనుకున్నాం. వానకాలమంతా ఆకాశం తేటగానే ఉంది. బతుకమ్మ పండుగ దగ్గర పడింది. మా విభాగంలో ఆడపిల్లలు ఏ రంగు చీర కట్టాలో మాట్లాడుకుంటున్నారు. ఆ రోజు పొద్దున బస్సు దిగేటప్పుడు సన్నగా తుంపర. ఎవరూ పట్టించుకోలేదు.

టిఫిన్ వేళ దాటాక అది వానలా లేకుండా పోయింది. ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. చినుకులు లేవు. నీళ్ళు గంపగుత్తగా కిందికి దిగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే నాలుగడుగుల అవతలి మోటరు షెడ్డు కనబడలేదు. పట్టపగలు లైట్లు వేశాం. నేను రెయిన్‌కోటు వేసుకుని కట్ట మీదికి ఎక్కాను. నిన్నటిదాకా తెల్లగా ఉప్పు పేరుకుని ఉన్న మడుగు గోధుమరంగు నీళ్ళతో ఊగుతోంది.

ఖాళీగా ఉన్న ట్యాంకులన్నిటికీ పంపులు పెట్టించాను. అవి చూస్తుండగానే నిండిపోయాయి. ప్రొడక్షన్ ఆపమని ఫోన్ చేస్తే, "రియాక్టర్లో సగంలో ఉన్నది ఆపితే ఇంకా ప్రమాదం మేడమ్," అన్నారు షిఫ్టువాళ్ళు. అదీ నిజమే. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలు ఎవరూ చెప్పకముందే బస్తాల్లో ఇసుక నింపడం మొదలుపెట్టారు. జీఎం కూడా ప్యాంటు పైకి మడిచి బస్తా భుజాన ఎత్తుకున్నారు. అన్న కట్ట మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిలోంచి చెమ్మ ఊరుతున్న చోట బస్తాలు పేర్చుతున్నాడు.

కూలీల్లో ఒకతను నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "హటియే మేడమ్, మిట్టీ చల్ రహీ హై."

మట్టి నిజంగానే నడుస్తోంది. పెద్ద చప్పుడేదో వస్తుందనుకుని ఒళ్ళు బిగపట్టుకున్నాను. చప్పుడేమీ రాలేదు. వాన హోరులో కట్ట మూల మెత్తగా, నానిన రొట్టెలా జారిపోయింది. నల్ల షీటు ఒక్కసారి ఉబ్బి చిరిగింది. నీళ్ళు అందులోంచి బయటికి పోవడం మొదలైంది. ప్రహరీగోడ ఒక పక్కకు వాలి పడిపోయింది. మేమందరం చేతుల్లో బస్తాలతో అలాగే నిలబడిపోయాం. జీఎం బస్తా దించడం కూడా మర్చిపోయారు.

"అది మా చెరువుకే పోతది," అన్నాడు అన్న. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మేడమ్, మా ఇంటామె శిఖంల ఉన్నది. మోటర్ విప్పుకొస్త, బర్లను తోల్కొస్త అని పొద్దుగాల్నే పోయింది."

"ఫోన్ చెయ్యన్నా."

చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. మూడోసారి మోగలేదు.

జీప్ తీసుకుని ఇద్దరం బయల్దేరాం. రోడ్డెక్కడో, నాలా ఎక్కడో తెలియదు. డ్రైవర్ మధ్యలోనే ఆపేస్తే దిగి నడిచాం. చెరువుగట్టు ఎక్కి చూశాం. నిన్నటి మక్కజొన్న చేను లేదు. మట్టిరంగు నీళ్ళు, వాటి మధ్యలో నాలా కలిసిన చోటి నుంచి ముదురు రంగు చార ఒకటి వెడల్పవుతూ వస్తోంది. దాని మీద నురుగు. ఆ వాసన నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున గేటు దగ్గర తగిలే వాసన. అది ఊరి గట్టు మీద తగలడం మొదటిసారి.

అన్న గట్టు వెంబడి పరుగెత్తాడు. ఆమె తూము దగ్గర ఉంది. తూము రాతిగద్దె ఎక్కి, రెండు చేతులతో స్తంభాన్ని కరుచుకుని నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా నీళ్ళు. బర్రెల తాళ్ళు కోసేసిందట, అవి ఈదుకుంటూ గట్టుకు చేరాయి. ఊరివాళ్ళు మోకు విసిరి ఆమెను పైకి లాగారు. అప్పుడు చూశాను ఆమె కాళ్ళు. మోకాళ్ళ కింద నుంచి పాదాల దాకా ఎర్రగా, వేణ్ణీళ్ళు పడ్డట్టు ఉబ్బిపోయాయి.

"మంట," అంది. ఆసుపత్రికి బయల్దేరాం. జీప్‌లో మంచినీళ్ళ క్యాన్ ఉంటే దారి పొడుగునా ఆమె కాళ్ళ మీద పోస్తూ కూర్చున్నాను. అన్న ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు ఆకాశం నీలంగా, కడిగినట్టు ఉంది. చెరువు నిండా చేపలు వెల్లకిలా తేలాయి. నడిమి గుంటల్లో ఎండిపోకుండా మిగిలిన చేపలవి. ఆ నీళ్ళు తాగిన బర్రెలు రెండూ గట్టు మీద కాళ్ళు చాపి పడి ఉన్నాయి. ఊరి ఆడవాళ్ళు గట్టు మీద వరసగా కూర్చున్నారు. ఏడుపులు, తిట్లు ఎదురుచూస్తూ పోయాను. ఒక ముసలామె, "బతుకమ్మను ఏడ ఏస్తం బిడ్డా?" అని పక్కామెను అడుగుతోంది. ఆ ఏడు వాళ్ళు ట్రాక్టర్లలో పక్క ఊరి చెరువుకు పోయారు.

తిరిగి ప్లాంటుకు వచ్చేసరికి అన్న పంపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చాడు. బట్టలు ఇంకా నిన్నటివే.

"నువ్వెందుకొచ్చినవన్నా?"

"షిఫ్టు నాదే గద మేడమ్," అన్నాడు. పంపు ఆగిపోయి ఉంది. ఆ సంగతి అతను గమనించలేదు.

సాబ్ ఆ సాయంత్రం ఆటోలో వచ్చారు. గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. చేతిలో జేబురుమాలు ఉంది కానీ ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. ఆయన కళ్ళు చేపల మీద ఆగి, అక్కడి నుంచి కదల్లేదు.

విచారణ దీపావళి దాటాక జరిగింది. ఈలోగా ఫ్యాక్టరీ మూతపడింది, నాకు మెమో వచ్చింది. ఎస్టేట్ హాల్లో అధికారులు, మా యాజమాన్యం మనుషులు, ఊరి పెద్దలు కూర్చున్నారు. అంతకుముందే జీఎం సాబ్‌ను పక్కకు పిలిచి అడగడం నేను విన్నాను. "మీరు ఒక్కమాట చెప్తే చాలు సాబ్. శాస్త్రం ప్రకారం ఇలాంటి వాన వస్తుందని ఎవరూ ఊహించలేరు అనండి. మా అందరి ఉద్యోగాలు నిలబడతాయి." ఆ అందరిలో నేనూ ఉన్నాను. సాబ్ ఆ మాట అనాలనే నేనూ కోరుకున్నాను.

అధికారి అడిగారు, "మీ లెక్క ఎక్కడ తప్పింది?"

సాబ్ లేచి నిలబడ్డారు.

"తప్పలే," అన్నారు.

జేబులోంచి ఒక కాగితం తీసి చూసుకున్నారు.

"వానకాలం అయిపోయినంక మొత్తం కలిపి సూసిన. మళ్లొకసారి కలిపిన. ఈ ఏడు కూడా వాన తక్కువనే. ఆ దినం పడింది కలిపినంక కూడా తక్కువనే. నేను రెండు మూడేండ్లు తక్కువ అన్న, మూడేండ్లు తక్కువనే పడ్డది. ఏడాది వానల పెద్ద హిస్సా ఆ ఒక్క దినం పడ్డది, గంతే."

నాకు ఆ మాట అర్థం కావడానికి కొన్ని క్షణాలు పట్టింది. అప్పటిదాకా నేను, మేమందరం, ముసలాయన లెక్క తప్పిందనే అనుకుంటున్నాం. తప్పిందనుకుంటే ఒక ఊరట ఉంటుంది. లెక్కలన్నాక తప్పుతాయి, దిద్దుకుంటాం. ఇక్కడ కరువు ఏడాదే వచ్చింది. చెప్పినట్టే వచ్చింది. వచ్చి, ఒక చెరువును చంపేసి పోయింది.

"గలత్ అయ్యుంటే మాఫీ అడిగి ఇంటికి పోయి పండుకుందును," అన్నారు సాబ్. "సహీ అయింది. నాకు నిద్ర పడ్తలేదు. కట్ట ఎంత ఎత్తుండాలె అని నన్ను ఎవరు అడగలే, నేను చెప్పలే. సూరజ్‌ను అడ్డం పెట్టకుండ్రి. నన్ను కూడ పెట్టకుండ్రి."

జీఎం తల దించుకున్నారు. ఆయన కోపగించుకుంటారనుకున్నాను. బయటికి వచ్చాక నా దగ్గర ఆగి, "వాన ఒకటే అన్నాను మేడమ్ మీతో," అన్నారు. వెంటనే కారెక్కారు. కొన్నాళ్ళకు ఆయన ఉద్యోగం పోయింది. ఫ్యాక్టరీ చాలాకాలం తర్వాత వేరే పద్ధతిలో తెరిచారు, పాండ్ పూడ్చేశారు. నన్ను ఇంకో యూనిట్‌కు పంపారు. అక్కడే రిటైరయ్యాను. అన్న మాత్రం తిరిగి రాలేదు, కిష్టారెడ్డిపేట వైపు అపార్ట్‌మెంట్లలో నీళ్ళ మోటార్లు చూసుకునే పనిలో కుదిరాడు.

పిల్లలూ, ఇంజనీరింగ్‌లో మీకు సగటు అనే మాట మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. నేనూ నేర్చుకున్నాను, మంచి మార్కులే వచ్చాయి. సూర్యుడికీ మన వానకూ సంబంధం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. శాస్త్రవేత్తలు కూడా ఒక్క మాట మీద లేరని సాబే చెప్పేవారు. ఉన్నా కూడా అది ఏళ్ళ సంగతి. కట్ట తెగేది ఒక పూటలో.

విచారణ జరిగిన ఆ చలికాలమే సాబ్ నన్ను వెంటబెట్టుకుని అన్న ఇంటికి వచ్చారు. వదిన కాళ్ళు మానాయి కానీ చర్మం మచ్చలు మచ్చలుగా మిగిలింది. మాకు కుర్చీలు వేసి, తను గడప మీద కూర్చుంది. సాబ్ ఏదో చెప్పాలని వచ్చారు. చాయ్ చల్లారిపోయేదాకా చెప్పలేకపోయారు.

ఆమే అడిగింది. నిష్ఠూరం లేదు, వెటకారం లేదు. పొలం పని చేసుకునే మనిషి, తెలిసినాయనను అడిగినట్టే అడిగింది.

"సార్, వచ్చే ఏడు వానలెట్లుంటయి?"

సాబ్ నివ్వెరపోయి ఆమె వైపు చూశారు. నేనూ చూశాను. ఇంత జరిగాక కూడా ఆయన్ని ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఉంటారని నేను అనుకోలేదు.

"ఏడాది మొత్తంల ఎంత పడ్తదో జెర చెప్పగలుగుతనేమో అమ్మా," అన్నారు చివరికి. "అండ్ల ఏ దినం ఎంత పడ్తదో చెప్పలేను."

ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుని కాళ్ళ మీదికి లాక్కుంది.

"నాకు ఆ దినమే గద సార్ కావాల్సింది," అంది.